జంబూద్వీపం: పురాణ భూగోళం, ప్రవరుని దారి

నేటి తెలుగులో ద్వీపమంటే చుట్టూ నీరున్న నేల. ఖండమంటే ఆసియా వంటి మహాభూభాగం. పురాణ పరిభాషలో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. అక్కడ ద్వీపమే పెద్దది, ఖండం అందులోని తునక. సప్తద్వీపాల నడుమ జంబూద్వీపం, అందులో తొమ్మిది వర్షాలు, వాటిలో దక్షిణాన భారతవర్షం. జంబువంటే నేరేడు. మేరువు చెంత ఉన్న నేరేడు చెట్టు నుంచి ఏనుగులంతటి పండ్లు రాలి, వాటి రసం నదియై పారుతుందని, ఆ ఒడ్డు మట్టి బంగారమవుతుందని విష్ణుపురాణం చెబుతుంది. కావ్యభాషలో బంగారానికి పర్యాయమైన ‘జాంబూనదం’ ఈ ఏటి నుంచి వచ్చిందే.

ఈ పేరును ఆసియాతోనో భారతదేశంతోనో సమీకరించడం వ్యాఖ్యాతలకు అలవాటు. ఆ సమీకరణతో పటం దొరుకుతుంది గాని అర్థం జారిపోతుంది. అశోకుని రూప్‌నాథ్, మస్కి శాసనాల్లో జంబూద్వీపం వట్టి భూవిస్తీర్ణం కాదు. అంతకుముందు మానవులతో కలవని దేవతలు ఇప్పుడు కలిసిన చోటుగా అది కనిపిస్తుంది. నిత్యపూజా సంకల్పంలోనూ ఆ పేరు కర్తకు చిరునామా. జంబూద్వీపంతో మొదలై, భరతవర్షం, మేరువుకు దక్షిణ దిక్కు మీదుగా, తెలుగునాట శ్రీశైలానికి ఏ దిక్కో చెప్పి, ఇంటి దాకా ఆ వాక్యం దిగివస్తుంది. చోటు చెప్పనిదే కర్మ మొదలు కాదు.

దీనికి కారణం భువనకోశంలోనే ఉంది. భారతవర్షం కర్మభూమి, తక్కినవి భోగభూములు అని పురాణాల విభజన. కింపురుషాది వర్షాల్లో ముదిమి లేదు, దుఃఖం లేదు, యుగభేదం లేదు. చేయవలసిన కర్మా లేదు. ద్వీపమనే మాట వెనుక ఉన్నది ఈ నైతిక భూగోళం.

పెద్దన మనుచరిత్రను ఈ వెలుగులో చదవవలసి ఉంది. ఆ కథకు మూలమైన సంస్కృత మార్కండేయపురాణంలో భువనకోశం ముగియగానే స్వారోచిష వృత్తాంతం మొదలవుతుంది. ద్వీపవర్ణన విన్న శ్రోత చెవుల్లో వర్షాల పేర్లు ఇంకా మెదులుతుండగానే ప్రవరుడు ప్రవేశిస్తాడు. పెద్దన కథను విడిగా తీసుకున్నాడు. భూగోళ పాఠం పోయింది. దాని బదులు, చూడని చోట్ల కోసం తపించే ఒక గృహస్థు మనసు మిగిలింది. సిద్ధుడు చెప్పే కేదారం, బదరి, ప్రయాగ, హింగుళ వంటివి భారతవర్షంలోనివే. పాదలేపం మాత్రం ప్రవరుణ్ణి ఆ వర్షపు ఎల్ల దాకా తీసుకుపోతుంది.

హిమవంతం అవతలి వర్షం కాదన్న ఆక్షేపణ సరైనదే. కాని అది వర్షపర్వతం, అంటే సరిహద్దు. భోగభూమి మర్యాదలు అక్కడే మొదలవుతున్నాయనడానికి వరూధిని వాదమే సాక్ష్యం. కర్మలు చేసి పొందదగిన సుఖం ఎదుటనే ఉండగా ఇంకా కర్మలెందుకని ఆమె అడుగుతుంది. కర్మభూమి దాటిన చోట ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. విమర్శకులు తరచు ఆమెను కాముకగానో, ప్రవరుణ్ణి రసహీనుడిగానో తీర్పు చెబుతారు. ఇద్దరూ తమతమ వర్షాల న్యాయాన్నే మాట్లాడుతున్నారని గమనిస్తే ఆ తీర్పులు నిలవవు. ప్రవరుడు ఇల్లు చేరే దారి అడగడం కూడా పిరికితనంగా తోచదు. లేపం కరిగిపోవడంతో అతడు పోగొట్టుకున్నది దారి ఒక్కటే కాదు. సంకల్పంలో తాను చెప్పుకునే చోటు కూడా. వేళకు అగ్నికార్యం జరగకపోతే అతడు ఎక్కడివాడూ కాడు. అందుకే అతడు మొరపెట్టుకున్నదీ, అతణ్ణి ఇల్లు చేర్చినదీ అగ్నినే.

ఈ పఠనానికి ఒక చిక్కు ఉంది. ప్రవరుడు వెళ్లిపోయాక కథ ఆగదు. అతని రూపు ధరించిన గంధర్వుని వల్ల వరూధినికి స్వరోచి పుడతాడు. స్వరోచికి వనదేవత వల్ల కలిగిన స్వారోచిషుడు మనువై భూమిని ఏలుతాడు. కర్మభూమికి తిరిగి వెళ్లినవాడు ఆ వంశానికి తన రూపాన్ని మాత్రమే ఇచ్చాడు.