ముప్పావు మిల్లీమీటరు

గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఏ బ్యాంకు కార్డయినా అంతే, అది అంతర్జాతీయ కొలత. గిటార్ పిక్కుల్లో మీడియం అని అమ్మేవాటి మందమూ ఇంచుమించు అదే. కత్తెర పట్టుకుని కార్డును మూడు మూలల ముక్కగా కోసి, అంచులు నున్నగా రుద్దితే పిక్కు తయారు. మా వెంకటగిరికోటలో గిటార్ నేర్చుకునే పిల్లలకు మొదటి పిక్కు చాలాసార్లు ఇదే. అసలుది కావాలంటే బెంగళూరు వెళ్లేవాళ్ల చేతికి డబ్బులిచ్చి పంపాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

"అన్నా, మందం ఒకటే కదా, మరి దీంతో కొడితే శబ్దం బొంగురుగా వస్తుందేం?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. పిక్కుల ప్యాకెట్ మీద అంకె చూసి కొనే పెద్దవాళ్లకు కూడా తట్టని ప్రశ్న. మందం చెప్పేది పిక్కు ఎంత వంగుతుందన్నదే. తీగను వదిలే క్షణంలో వచ్చే ఆ చిన్న 'టిక్కు' ఎలా ఉంటుందన్నది పిక్కు దేనితో చేశారు, దాని అంచు ఎలా ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. కార్డు పీవీసీ. మెత్తది, అంచు తొందరగా పీచులు లేస్తుంది. పీచు లేచిన అంచు తీగను ఒక్కసారిగా వదలదు, గీరుకుంటూ వదులుతుంది. గట్టిగా, నున్నగా ఉన్న అంచు తీగను టక్కున వదిలేస్తుంది, పై స్వరాంశాలు మెరుస్తూ పలుకుతాయి.

మా వైపు గిటార్ ఎక్కువగా బతికేది చర్చిల్లో. మదనపల్లె, పలమనేరుల్లో ఆర్కాటు మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే పని మొదలుపెట్టారు. ఇప్పటి చర్చిల్లో కీబోర్డు పక్కన గిటార్ ఒకటి ఉండటం మామూలే. అక్కడ పని స్ట్రమ్మింగ్: ఆరు తీగలనూ పైకీ కిందికీ ఊపుతూ పాటకు నడక ఇవ్వడం. దీనికి 0.46 నుంచి 0.60 దాకా పలచనివి హాయిగా ఉంటాయి. మణికట్టు కాస్త బరువుగా పడినా పిక్కు వంగి సర్దుకుంటుంది, ఒక తీగ అరిచి మరో తీగ మూగబోవడం ఉండదు. కానీ పిక్కు చేసే చిటచిట కూడా పాటలో కలుస్తుంది. మైకు ముందు అది తాళంలా బాగానే ఉంటుంది. మైకు లేని వీధిలో ఆ చిటచిటే మిగిలి, తీగల నాదం వెనక్కి పోతుంది.

సినిమా పాటల్లో వచ్చే గిటార్ బిట్లు వాయించేవాళ్లకు పలచని పిక్కు పనికిరాదు. తీగకు తగిలాక అది ముందు వంగాలి, తరువాత జారాలి. ఆ రవ్వంత ఆలస్యం వేగంలో తెలిసిపోతుంది. ఒక మిల్లీమీటరు దాటిన పిక్కు వంగదు, మీటాలనుకున్న క్షణానికే స్వరం పలుకుతుంది. అయితే చేయి మొరటుగా ఉంటే ఆ మొరటుతనమంతా బయటపడుతుంది, దాచిపెట్టే వంపు దానికి లేదు.

పిక్కుతో మన సంగీతం పలికించడం ఎట్లాగో ప్రపంచానికి చూపించింది తెలుగువాడే. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. మాండలిన్‌కు సహజంగా నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జత తీగలను లాగి గమకం పలికించాలంటే రెండూ ఒకే శ్రుతిలో సాగవు. పైగా మాండలిన్ నాదం చప్పున ఆరిపోతుంది, అందుకే పాశ్చాత్యులు గబగబా పైకీ కిందికీ కొడుతూ దాన్ని నిలబెడతారు. శ్రీనివాస్ జతలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. నాదం నిలిచింది కాబట్టి ఒక్క మీటుకు నాలుగైదు స్వరాలు ఎడమచేత్తో పలికించగలిగాడు.

ఇక్కడ పిక్కుకు ఒక పాఠం ఉందని నా లెక్క. వీణలో కూడా సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి మీటు పడుతుంది, మధ్య స్వరాలు ఆ మీటు మీదే జారుతూ పోతాయి. అలాంటి సంగీతంలో ప్రతి మీటూ పదం మొదట్లో హల్లులా వినబడుతుంది. కరుకైన పిక్కుతో కొడితే కృతి అంతా టకారాలే. గిటార్ మీద మోహన రాగం పలికించే ప్రయత్నం చేసేవాళ్లు మందంగా, అంచు గుండ్రంగా ఉన్నది తీసుకోండి. 0.73 లాంటి మీడియంతో రాదని కాదు, వస్తుంది, వినడం కష్టం.

దేనితో చేస్తారన్నది పెద్ద కథ. ఒకప్పుడు గొప్ప పిక్కు అంటే సముద్రపు తాబేలు డిప్ప, హాక్స్‌బిల్ అనే జాతిది. ఆ తాబేలు అంతరించిపోయే స్థితికి వచ్చాక 1970లలో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపేశారు. మన 1972 వన్యప్రాణి చట్టం కూడా దాన్ని కాపాడుతోంది. డిప్పకు బదులుగా సెల్యులాయిడ్ అంతకు ముందే వచ్చింది. న్యూయార్క్‌లో డీఆండ్రియా అనే ఆయన 1922లో దానితో పిక్కులు చేయడం మొదలుపెట్టాడు. వెచ్చటి నాదం, కానీ నిప్పు తగిలితే భగ్గుమంటుంది, చెమట చేతిలో జారుతుంది. నైలాన్ మెత్తగా వంగుతుంది, నాదమూ మెత్తనే. మా ఎండాకాలంలో నా ఓటు టార్టెక్స్‌కే. డన్‌లాప్ కంపెనీ వాళ్లది, డెల్రిన్ అనే ప్లాస్టిక్. సుద్ద పూసినట్టు గరుకుగా ఉంటుంది, వేళ్ల మధ్య నుంచి జారదు. మందాన్ని రంగుతో గుర్తుపట్టవచ్చు: నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88.

సరోద్ వాద్యకారులు కొబ్బరి చిప్పను అరగదీసి చేసిన జవాతో మీటుతారు. చిప్పకు మా ఇళ్లలో కొరవా! గరుకు కాగితం మీద ఒక మధ్యాహ్నం రుద్దితే చక్కటి పిక్కు వస్తుంది. నాదం ముదురుగా, గుండ్రంగా ఉంటుంది. ఉక్కు తీగల మీద మాత్రం తొందరగా అరుగుతుంది, రిథమ్ వాయించేవాళ్లకు చెప్పను.

కొత్త పిక్కు కొనే ముందు ఉన్నదాన్ని తిప్పి చూడండి. మొన బదులు గుండ్రటి భుజంతో మీటితే అదే పిక్కు లావుపాటి నాదం ఇస్తుంది. అమెరికన్ గిటారిస్టు స్టీవీ రే వాన్ అలాగే వాయించేవాడు. వేళ్ల నుంచి ఎంత బయటికి పట్టారన్నది కూడా మందాన్ని మార్చేస్తుంది. కొస మాత్రమే కనిపించేలా బిగించి పడితే 0.60 కూడా వంగనంటుంది, సగం బయటికి వదిలితే 0.88 ఊగుతుంది. కీబోర్డు వాయించే మిత్రుడు ఈ తేడాలేవీ తనకు వినబడవంటాడు. వినబడకపోవచ్చు. మణికట్టుకు మాత్రం ముందే తెలుస్తుంది.

డిసెంబరు చలిలో క్యారల్స్‌కు ఇంటింటికీ తిరిగే కుర్రాళ్లకు నేను చెప్పేది పసుపు 0.73. మైకు ఉండదు కాబట్టి అంతకన్నా పలచనిది వద్దు. జేబులో మూడైనా ఉంచుకోండి. ఒకటి చీకట్లో రాళ్ల మధ్య పడుతుంది, ఒకటి గిటార్ కడుపులోకి జారుతుంది. గిటార్‌ను తలకిందులు చేసి ఊపుతూ కూర్చుంటే బృందం పక్క వీధికి వెళ్లిపోతుంది.