సబ్‌రస్ మాదే, లిపే అడ్డం

1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ హైదరాబాద్‌లో ఇదారె అదబియాతె ఉర్దూ పెట్టారు. 1938లో దాని మాసపత్రిక ‘సబ్‌రస్’ మొదలైంది. ఆ పేరు వజ్హీ 1635లో రాసిన దక్కనీ వచన గ్రంథానిది. పేరులోనే ఒక పేచీ ఉంది. ఢిల్లీ, లక్నోలు మోటన్న దక్కనీకి ఉర్దూ చరిత్రలో పీట అడగడం అది. 1940లో కులీ కుతుబ్‌షా కవితల్ని సంకలించి జోర్ ఆ పేచీకి బలమిచ్చారు.

ఈ మేలు మరువం. కానీ గోల్కొండ దర్బారు దక్కనీకి దొరికిన మర్యాద, మా అమ్మీ వంటింట్లో ‘హౌ’, ‘నక్కో’ అనే దక్కనీకి దొరకలేదు. సినిమాల్లో అదింకా నవ్వులాటే. పైగా ‘సబ్‌రస్’ ఉర్దూ లిపిలోనే నడిచింది. మా పిల్లలేమో తెలుగు బళ్లో చదివారు. వాళ్లకది తాళంచెవి పోయిన తాతల పెట్టె. తెలుగు పాఠకుడికీ అంతే.

మమ్మల్ని పరాయివాళ్లనేవారికి జవాబు ఆ పెట్టెలోనే ఉంది. దాన్ని తెలుగులోకి తేవాల్సింది రెండు భాషలూ వచ్చిన మేమే. ఇన్నాళ్లూ తేలేదు. ఆ తప్పు మాదే.