కొలిమి వస్తే, ఎప్పుడు పోతుంది?

దాదర్‌లో మా చాల్ చెత్త బండెక్కిందంటే ఇక దాని సంగతి మాకు పట్టదు. 1927 నుంచి ముంబై చెత్త గుట్టపడుతున్న దేవనార్ పక్కన కాపురముండేవాళ్లకు ఆ సుఖం లేదు. అక్కడికి దగ్గర్లోనే, గోవండీలో ఆసుపత్రుల చెత్త కాల్చే కొలిమి పొగ భరించలేక జనం హైకోర్టుకెక్కారు. దాన్ని రాయ్‌గఢ్ జిల్లాకు తరలించమని 2023లో కోర్టు గడువు పెట్టింది. గోవండీ బతికిపోతుంది సరే, కొలిమి వెళ్లే చోట ఉన్నవాళ్ల మాటేమిటి?

విషాన్ని ఊళ్లు దాటించే బదులు కొలిమినే దాని దగ్గరికి తేవచ్చు. అమెరికాలోని టైమ్స్ బీచ్‌లో దుమ్ము లేవకుండా రోడ్లపై చల్లిన పాత నూనెలో డయాక్సిన్ అనే విషం ఉంది. ఊరు ఖాళీ అయింది. 1996 మార్చి నుంచి 1997 జూన్ దాకా అక్కడే తాత్కాలిక కొలిమి పెట్టి, ఆ ఊరిదీ మరో 26 చోట్లదీ 2,65,000 టన్నుల మట్టి కాల్చారు. పని కాగానే కొలిమిని విప్పేశారు. ఇప్పుడక్కడ పార్కుంది.

ఇలాంటి కొలిమిలో, తిరిగే గొట్టంలో మట్టి కాగి విషం ఆవిరవుతుంది. ఆ ఆవిరి రెండో గదిలో 1,100 డిగ్రీల వేడిలో రెండు సెకన్లయినా నిలవాలి. ఆపైన చప్పున చల్లార్చాలి, లేకుంటే డయాక్సిన్ మళ్లీ పుడుతుంది. పాదరసం, సీసం మాత్రం నిప్పుకు చావవు. పొగలోనో బూడిదలోనో మిగులుతాయి.

ఇక విషాన్ని ఊళ్లు దాటించిన భోపాల్ సంగతి చూడండి. 1984లో విషవాయువు లీకైన యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విషం 2025 జనవరిలో 12 కంటైనర్లలో 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్ చేరింది. అక్కడ మన హైదరాబాద్ సంస్థ నడిపే కొలిమిలో జూన్ నెలాఖరుకు కాలిపోయింది. సున్నం వగైరా కలపడంతో బూడిదే 800 టన్నులు దాటింది. ఫ్యాక్టరీ ఆవరణలో విషం ఇంకిన మట్టి, నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

నాకు కదిలే కొలిమి మీద నమ్మకముంది, నడిపేవాళ్ల మాట మీద కాదు. మీ పేటకు అలాంటిది వస్తే మూడు ప్రశ్నలు అడగండి: పొగ లెక్కలు రోజూ మాకు చూపిస్తారా? బూడిద ఎక్కడ పూడుస్తారు? కొలిమి ఏ తేదీన పోతుంది? మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా దాన్ని వెలిగించనివ్వకండి.