ఖాళీగా వదలమని చెప్పడం

కృత్రిమ మేధకు రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశానికి ప్రాంప్ట్ అన్న పేరు స్థిరపడింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి ప్రాంప్టు రాసే పద్ధతి మీద పుస్తకాలూ పాఠాలూ లెక్కకు మిక్కిలిగా పుట్టుకొచ్చాయి గాని, వాటిలో చాలా భాగం "నీవు ముప్పయ్యేళ్ల అనుభవం గల న్యాయవాదివి" వంటి మంత్రవాక్యాల చుట్టూనే తిరుగుతుంటాయి. అటువంటి సంబోధన వల్ల జవాబు ధోరణి కొంత మారవచ్చునే తప్ప, ఎదుట ఉన్న పత్రంలో లేని సమాచారం పుట్టదు. పుట్టినట్టు కనబడితే అది మరీ ప్రమాదం. ఉన్న పాఠాన్ని తిరగరాయించడానికైనా, అందులోంచి వివరాలు ఏరించడానికైనా, అడిగేవారు ముందుగా దాన్ని చదివి, ఏ మాట ఎక్కడ పెడదారి పట్టించగలదో గమనించి ఉండాలి. ఈ పని తప్పించుకోవడానికే యంత్రాన్ని ఆశ్రయించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

భూమి క్రయ దస్తావేజునే తీసుకుంటే, అమ్మినవారు, కొన్నవారు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, సొమ్ము, తేదీ అన్నవాటిని పట్టికగా ఇమ్మన్న వెంటనే భాషా నమూనా, అంటే అపారమైన పాఠాల మీద తర్ఫీదు పొంది ఒక మాట తరువాత రాదగిన మాటను అంచనా కడుతూ వాక్యాలు అల్లే వ్యవస్థ, ఆ పట్టికను క్షణాల్లో తయారుచేస్తుంది. అయితే తెలంగాణ దస్తావేజులో "2-20" అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే ఎకరానికి 40 గుంటల చొప్పున సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఆంధ్ర దస్తావేజులో "2-20" అని ఉంటే, ఎకరానికి 100 సెంట్లు కాబట్టి, రెండెకరాల ఇరవై సెంట్లు. ఈ తేడా చెప్పకుండా "విస్తీర్ణం ఎకరాల్లో ఇవ్వు" అని ఊరుకుంటే, రెంటికీ 2.20 అన్న ఒకే జవాబు వచ్చి, తెలంగాణ రైతు పొలంలో 12 గుంటలు పట్టికలోనే మాయమయ్యే అవకాశం ఉంది. ఆంధ్రలో గ్రామ భూమి లెక్క అయిన అడంగల్లో కనిపించే 1384 ఫసలీ సంగతీ అంతే: అది 1974 జూలైతో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరమనీ, ఫసలీకి 590 కలుపుకోవాలనీ ప్రాంప్టులో ఒక వాక్యం ఉండాలి. ఒకే పేరు గలవారు ఇద్దరుంటే తండ్రి పేరుతో వేరుచేయమని మరో వాక్యం ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది రాయనిది, దొరకని వివరం గురించిన ఆదేశం. వాక్యాన్ని పూర్తిచేయడమే స్వభావంగా గల నమూనా ఖాళీ గడిని చూసి ఊరుకోదు. తూర్పు హద్దు చెరిగిపోయిన చోట పక్క సర్వే నంబరును బట్టి ఏదో ఒక పేరు నింపగలదు. "పత్రంలో లేకపోతే లేదు అని, చదవడానికి వీలుకాకపోతే అస్పష్టం అని రాయి; ప్రతి వివరం పక్కన అది ఉన్న వాక్యాన్ని యథాతథంగా చూపు" అన్న ఆదేశం ఈ చొరవను చాలావరకు అదుపులో పెడుతుంది. పొడుగాటి పాఠం నడుమ ఉన్న సమాచారం, మొదటా చివరా ఉన్నదానికన్నా, నమూనాల దృష్టి నుంచి ఎక్కువగా తప్పిపోతుందని 2023లో స్టాన్‌ఫర్డ్ తదితర సంస్థల పరిశోధకులు చూపినందున, నలభై దస్తావేజులను ఒక్క మూటగా ఇవ్వడం కన్నా ఒక్కొక్కటిగా ఇవ్వడమే మేలు. ఆధార్, పాన్ నంబర్లను ముందే కొట్టివేయాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

తిరగరాయించడంలో చిక్కు వేరు. "సరళంగా రాయి" అన్న ప్రాంప్టుకు ప్రభుత్వ ఉత్తర్వు సాఫీగానే మారుతుంది గాని, "సమర్పించవలెను" అని ఉన్నచోట "సమర్పించవచ్చు" అని దిగి, తప్పనిసరి విధి కాస్తా ఐచ్ఛికమైపోవచ్చు. షరతుతో కూడిన ఉపవాక్యం పొడుగైందన్న నెపంతో రాలిపోవచ్చు. అందువల్ల మార్చవలసినవాటి కన్నా మార్చకూడనివాటిని, అంటే అంకెలు, తేదీలు, పేర్లు, విధినీ అనుమతినీ తెలిపే క్రియలు, మినహాయింపులు అన్నవాటిని పేరుపేరునా చెప్పడం మంచిది. శైలి విషయానికి వస్తే "అందంగా", "సహజంగా" వంటి క్రియా విశేషణాలు పది పేర్చినా, "ఇవ్వబడినది", "చేయబడినది" అంటూ నడిచే ఇంగ్లీషు పోకడ వదలదు. ఏ పత్రిక భాష కావాలో దాని ముక్క ఒకటి ఉదాహరణగా జతచేస్తే కొంత వదులుతుంది. ఆదేశంతో పాటు కొన్ని ఉదాహరణలు చూపినప్పుడు పనితీరు మెరుగుపడుతుందని జీపీటీ-3 గురించి 2020లో వెలువడిన పత్రం చూపింది గనుక, ఇది కేవలం అభిరుచికి సంబంధించిన సలహా కాదు.

వచ్చిన జవాబును మళ్లీ అదే నమూనా చేత దిద్దించే అలవాటు ఒకటి ప్రబలుతున్నది. కొన్ని తప్పులు దానివల్ల బయటపడతాయి, కొత్తవి కొన్ని చేరతాయి కూడా; దస్తావేజు విషయంలో మాత్రం ఆస్తి షెడ్యూలులోని విస్తీర్ణాలను గుంటల్లోకో సెంట్లలోకో మార్చి చేత్తో కూడి, పత్రంలో రాసిన మొత్తంతో సరిచూస్తే తేడా వెంటనే దొరుకుతుంది.