మాలవీయగారి చమురు విధానము – కోనసీమలో దాని పరీక్ష

స్వాతంత్ర్యము వచ్చిన కొత్తలో మన దేశపు చమురు వ్యాపారము విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. అస్సాము దాటితే చెప్పుకోదగిన చమురు దొరకదన్న అభిప్రాయము అప్పట్లో బలముగా ఉన్నది. కేంద్రములో ఖనిజ వనరుల శాఖ చూచిన కేశవదేవ్ మాలవీయ దీనిని ఒప్పుకొనలేదు. నేలలో ఏమున్నదో సరుకు అమ్మేవానిని అడిగి తెలుసుకొనరాదు, ప్రభుత్వమే వెదకవలెను అన్నది ఆయన వాదములోని సారము. 1956లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడినది. సోవియట్, రుమేనియా నిపుణులు తోడ్పడినారు. 1958లో కాంబే వద్ద, 1960లో అంకలేశ్వర్ వద్ద చమురు పడినది.

వాదములోని బలము 1960లో మరొక రీతిగా తేలినది. సోవియట్ దేశము చౌకగా ముడిచమురు ఇవ్వజూపగా, మన దేశములోని విదేశీ కంపెనీలు తమ శుద్ధి కర్మాగారములలో దానిని శుద్ధి చేయ నిరాకరించినవి. విశాఖపట్నములో 1957 నుండి కాల్టెక్స్ కర్మాగారము ఉండనే ఉన్నది. కర్మాగారము మన రేవులో ఉన్నంత మాత్రమున ఇంధనము మన చేతిలో ఉన్నట్లు కాదు! ఇంతవరకు మాలవీయ పక్షమే సరియైనది.

ఇక కోనసీమ సంగతి. ఇక్కడి ఒండ్రుమట్టి క్రింద కోట్ల సంవత్సరములుగా పేరుకొన్న పొరలు వేల మీటర్ల లోతున్నవి. అడుగున చిక్కిన జీవపదార్థము వేడికి, ఒత్తిడికి వాయువుగా మారి, ఇసుకరాతి రంధ్రములలో చేరినది. పైనున్న మెత్తని పలకరాయి పొర కుండపై మూకుడువలె దానిని అణచి ఉంచినది. మాలవీయ 1981లో గతించిరి; రాజోలు ప్రాంతములో వాయువు పడినది ఆ దశకములోనే. 2001లో తాటిపాకలో చిన్న శుద్ధి కర్మాగారము వెలసినది. దాని శక్తి ఏటా 66,000 టన్నులు. దేశము ఏటా వాడుకొనేది 20 కోట్ల టన్నులకు పైమాటే. ఉగ్గుగిన్నెతో చెరువు నింపుట వంటిది! ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళకు మించి నేటికీ దిగుమతియే.

అయితే ఈ విధానములోని అసలు లోపము పరిమాణములో లేదు. తవ్వే చేయి ఎవరిదన్న ప్రశ్నకు అందులో జవాబున్నది. బావి పక్క ఇల్లు ఎవరిదన్న ప్రశ్నయే లేదు. సంస్థ ప్రభుత్వానిదైతే చాలు, తక్కినవన్నీ వాటంతట అవే చక్కబడునన్నట్లు సాగినది. 1956లో దీనిని అడగలేదని ఆయనను నిందించుట న్యాయము కాదు. నేడు ఆ విధానమును విద్యార్థులకు చెప్పే ఉపాధ్యాయులు మాత్రము దీనిని వదలిపెట్టరాదు.

1995 జనవరి 8న పాశర్లపూడి బావి ఎగదన్నినది. లోపలి ఒత్తిడిని అణచవలసిన బురదద్రవము బరువు చాలనప్పుడు వాయువు పైకి తన్నుకొనివచ్చును. మంట ఆరుటకు 65 దినములు పట్టినది. చుట్టుపట్ల ఊళ్ళవారు ఇళ్ళు విడిచిపోయినారు. 2014 జూన్ 27 వేకువజామున నగరం గ్రామములో గొట్టము పగిలి 20 మందికి పైగా మరణించినారు. ఈ రెండును ప్రభుత్వరంగ సంస్థలవే. రెండవదానిలో రసాయనము ఉన్నత పాఠశాలలో చెప్పేదే: వాయువుతోపాటు బొగ్గుపులుసు వాయువు, నీరు కలిసి వచ్చినచో కర్బనికామ్లము ఏర్పడి ఉక్కును లోపలినుండి తినివేయును. ఆ గొట్టము పొడి వాయువునకు ఉద్దేశించినది. దానిలో తడి వాయువు పారినదని, తేమ తీసే ఏర్పాటు లేదని విచారణలో తేలినది.