రెండు జాబితాలు, ఒక లేమి: వామన చరిత్ర, ‘గబ్బిలం’ కావ్యాల్లో సంతృప్తి భావన

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 12వది బాధ్యతాయుతమైన వినియోగానికి, ఉత్పత్తికి సంబంధించినది. దీనికి దేశీయమైన ఆధారాన్ని వెతికేవారు ప్రాచీన సాహిత్యంలోని సంతృప్తి బోధను ముందుకు తెస్తారు. కోరికలను తగ్గించుకోవడం మన సంస్కృతిలోనే ఉన్నదని వారి వాదం. అందులో నిజం లేకపోలేదు, కాని అది అసంపూర్ణం. సంతృప్తిని ఎవరు, ఎవరికి, ఏ స్థితిలో ఉండి బోధిస్తున్నారన్నది తేలనంతవరకు ఆ విలువ స్వరూపం తేలదు. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్రను, జాషువ ‘గబ్బిలం’ (1941) ప్రథమ భాగాన్ని పక్కపక్కన ఉంచి ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వామన చరిత్రలో రెండు జాబితాలు ఎదురెదురుగా నిలుస్తాయి. బలి ఇవ్వజూపే జాబితాలో వస్త్రాలు, మాడలు, గోవులు, గుర్రాలు, రత్నాలు, రథాలు, గ్రామాలు ఉన్నాయి. వడుగు మూడడుగుల నేల చాలునన్నప్పుడు, దాత గొప్పతనాన్ని గుర్తించకుండా ఇంత కొంచెం అడగడమేమిటని బలి ఆక్షేపిస్తాడు. అతని దృష్టిలో ఈవి పరిమాణమే దాత ప్రతిష్ఠకు కొలమానం. అందుకు బదులుగా వామనుడు చెప్పే జాబితాలో గొడుగు, జన్నిదం, కమండలువు, ముంజి, దండం మాత్రమే ఉన్నాయి. ఇవన్నీ బ్రహ్మచారి నిత్యజీవితంలో వాడుకునే వస్తువులు. అంటే ఇక్కడ అవసరానికి హద్దు గీసినది ఆశ్రమధర్మం. ఆ హద్దును వడుగు తానే ప్రకటిస్తున్నాడు. ఆశకు అంతం లేదని, భూమండలమంతా ఏలిన వైన్యుడు, గయుడు వంటి రాజులు సైతం దానిని వదిలించుకోలేకపోయారని అతడు హెచ్చరిస్తాడు. ఈ హెచ్చరిక వింటున్నవాడు ముల్లోకాధిపతి అన్నది గమనార్హం.

మితాన్ని బోధించిన వడుగే రెండడుగులతో లోకాలన్నింటినీ ఆక్రమించాడు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. భాగవతంలో ఆ విజృంభణ విష్ణువు విశ్వరూపం. ఇంద్రుడికి అతని లోకాన్ని తిరిగి ఇప్పించే కార్యం. దానిని వ్యక్తిగత లోభంగా చదవడం కావ్య సందర్భానికి విరుద్ధం. అయినా ఒక విషయం స్పష్టం. ఈ కథలో పరిమితి గురించిన మాట సంపన్నుడి సభలో, సంపన్నుడిని ఉద్దేశించి పలికినది.

‘గబ్బిలం’ కథానాయకుడు మరో చివర ఉన్నాడు. చేతికి దొరికిన నాణెంతో తృప్తిపడేవాడిగా, పిడికెడు మెతుకులతో కష్టాలన్నీ మరిచిపోయేవాడిగా జాషువ అతనిని పరిచయం చేస్తాడు. పైకి చూస్తే వామనుడు పొగిడిన సంతుష్టుడు ఇతడే. కాని ఇతని అవసరాల హద్దును ఇతడు గీసుకోలేదు. ఇతని కలిమిని మింగినవారి పాదాలు కందకుండా ఇతడే చెప్పులు కుడుతున్నాడు. లోకానికి అన్నం పెట్టే ఇతనికి అన్నం లేదు. కర్మ సిద్ధాంతంతో తన నోరు కట్టి, తన కూటిని స్వార్థపరులు అనుభవిస్తున్నారని ఇతడు నేరుగా ఆరోపిస్తాడు. ఒక తాత్త్విక భావన దోపిడికి సాధనమయ్యే తీరును ఈ ఆరోపణ బయటపెడుతుంది. సంతృప్తి బోధకు కూడా ఆ ప్రమాదం పొంచి ఉన్నది.

ఈ రెండు కావ్యాలను కలిపి చదివినప్పుడు స్వచ్ఛంద మితానికి, విధించిన లేమికి మధ్య భేదం స్పష్టమవుతుంది. వస్తువుల సంఖ్యలో ఇద్దరూ దాదాపు సమానులే. వద్దనగలిగే అధికారం మాత్రం వామనుడికే ఉన్నది. ఆ అధికారం లేనివాడి అల్ప వినియోగాన్ని సంస్కృతీ విలువగా కీర్తించడం అతని ఆకలికి అలంకారం తొడగడమే అవుతుంది. సుస్థిర వినియోగ చర్చలో తెలుగు సాహిత్యాన్ని ఉదాహరించే పరిశోధన ఈ భేదాన్ని విస్మరించరాదు. పోతన చూపిన క్రమంలోనే, మితాన్ని గురించిన పాఠం మొదట బలి సభలో వినిపించాలి.