దుప్పియు గబ్బిలమును

ప్రాణులను జంటగా గైకొని ఒకదాని పక్కన వేఱొకదానిని నిలిపి పరిశీలించుట చిరకాలముగా నాకు గల యభ్యాసము. ఢిల్లీలో స్థిరపడిన పిదప హౌజ్ ఖాస్ జింకల పార్కులోని చుక్కల దుప్పియు, జనపథ్ మార్గమున అర్జున వృక్షములకు తలక్రిందుగా వ్రేలాడు పెద్ద గబ్బిలమును ఆ యభ్యాసమునకు దొరకిన జంట.

మొదట కనబడునది భేదమే. మగదుప్పి కొమ్ములను ఏటేట రాల్చి మరల మొలిపించుకొనును, ఎనుబది కిలోల వఱకు తూగును. గబ్బిలము నాలుగడుగుల ఱెక్కలు విప్పినను ఒకటిన్నర కిలో మించుట యరుదు. చిన్న గబ్బిలములవలె ప్రతిధ్వనిని నమ్ముకొనక, తన విశాల నేత్రములతో, ఘ్రాణశక్తితో చీకటిలో మఱ్ఱిపండ్లను వెదకికొనును.

అయినను రెండును సాధారణముగా కాన్పునకు ఒక్క పిల్లనే కనును. ఇచ్చట నాగి యాలోచింపవలెను. 1960ల దశకమున ఆఱింటితో మొదలైన దని చెప్పు దుప్పుల మంద, వేటాడు మృగమొక్కటియు లేని కంచెలో, మనుష్యులు పెట్టిన మేతతో, దాదాపు 600 వఱకు పెరిగి, ఆ కొలది పూర్వుల రక్తమే మరల మరల కలియుటచే రోగభయమునకు లోనయినది. 2023లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ యా పార్కునకు గుర్తింపు రద్దుచేయగా, కొన్ని దుప్పులు రాజస్థాన్ అడవులకు తరలింపబడినవి. వివాదము సుప్రీంకోర్టు వఱకు నడచినది. ప్రేమతోనే పెంచితిమి, నిజమే. కాని యా ప్రేమలో దూరదృష్టి లేకపోయెనని నా నిశ్చితాభిప్రాయము.

గబ్బిలమునకు ఆ ప్రేమయు లభింపలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము పండ్లుదిను గబ్బిలములను కాకులతో, ఎలుకలతో పాటు హానికర జంతువుల పట్టికలో చేర్చినది; అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 2022 సవరణ యా పట్టికనే తొలగించినది. రాత్రియంతయు రావి, మఱ్ఱి, జువ్వి విత్తనములను దూరదూరములకు వెదజల్లుచు, పుష్పములకు పరాగము చేర్చు ప్రాణి యిది. 1941లో జాషువ తన కావ్యమున, ఆలయ ప్రవేశము నిషిద్ధమైన మనుజుని మొఱను శివునకు చేరవేయు దూతగా గబ్బిలమునే యెన్నుకొనినాడు. గుడిచూరులలో నుండునది వేఱు జాతి. అయినను జనపథ్‌లో సాయంకాలము ఆకాశమునకెగయు నీ సమూహమును చూచునప్పుడెల్ల నాకు జాషువయే స్ఫురించును.

పార్కులో మిగిలిన మగదుప్పులను ఆడుదుప్పుల నుండి వేఱుపఱచు పని యింకను ఆలస్యము కారాదు. జనపథ్‌లో కొమ్మలు నఱకు పని, పిల్లలు తల్లిరొమ్ముల నంటియుండు వసంతమున జరుగరాదు. ఈ రెండును అసాధ్యములు కావు, అధిక వ్యయమును కోరవు.